సంతకానికే వారసురాలా?

2025 ఏప్రిల్ 14న తెలంగాణ ముఖ్యమంత్రి హైదరాబాద్ శిల్పకళావేదికలో భూ రికార్డుల చట్టమైన భూభారతిని ప్రారంభించారు. కొత్త చట్టం ఎట్లా నడుస్తుందో ముందుగా చూడడానికి రాష్ట్రం మొత్తం మీద నాలుగు మండలాలను ఎంచుకున్నారు. నారాయణపేట జిల్లాలో మద్దూరు, ఖమ్మంలో నేలకొండపల్లి, ములుగులో వెంకటాపూర్, కామారెడ్డిలో లింగంపేట. మూడు రోజులకే, 17వ తేదీ నుంచి, ఊరూరా రెవెన్యూ సదస్సులు మొదలయ్యాయి. సర్వే నంబరు ఎగిరిపోయిందని కొందరు, విస్తీర్ణం తగ్గిందని కొందరు, పట్టా భూమి నిషేధిత జాబితాలో పడిందని మరికొందరు అర్జీలు పట్టుకుని వచ్చారు. అంతకుముందున్న ధరణి పోర్టల్ చేసిన గాయాలకు అది అవసరమైన మందే. ఆ మాట ఒప్పుకోవడానికి మాకేమీ సంకోచం లేదు.

ఇన్ని తప్పులను వెతకడానికి బయలుదేరిన సర్కారు ఒక్క తప్పు జోలికి మాత్రం తానుగా పోలేదు. ఈ మండలాల్లో చనిపోయిన పట్టాదారులకు ఆడబిడ్డలెందరు? వాళ్లలో ఎందరి పేర్లు పాసుపుస్తకాలకెక్కాయి? ఇది రికార్డు తప్పే. ఎగిరిపోయిన సర్వే నంబరు ఎంత తప్పో, ఎగిరిపోయిన కూతురు పేరు కూడా అంతే తప్పు. సర్వే నంబరు పోతే రైతు ఆఫీసు మెట్ల మీద కూర్చుని అడుగుతాడు. కూతురు పేరు పోతే అడిగే గొంతు ఊళ్లోనే ఉండదు. ఆమె అత్తగారింట్లో ఉంటుంది.

తెలుగులో ఆస్తికి వారసత్వం పొందే స్త్రీకి చక్కని మాట ఉంది: వారసురాలు. నిఘంటువులో ఉంది, బడి వ్యాకరణంలో ఉంది. పత్రికల్లో అది ఎక్కడ కనిపిస్తుందో చూడండి. సినిమా పేజీలో హీరో కూతురు తెరకెక్కినప్పుడు 'నట వారసురాలు'. రాజకీయ పేజీలో నాయకుడి బిడ్డ పోటీకి దిగినప్పుడు 'రాజకీయ వారసురాలు'. రెండెకరాల మడికట్టు మీద ఒక బాలమణినో, ఒక సాయవ్వనో వారసురాలని పిలిచిన తహసీల్దార్ ఆఫీసు గుమాస్తాను, ఊరి పెద్దమనిషిని చూపించండి. అక్కడ ఆమె 'ఆడబిడ్డ'. కాగితం మీదికి వస్తే 'సంతకం'. "ఇంకా ఇద్దరి సంతకాలు గావాలె" అంటారు. ఇద్దరు వారసురాండ్లు రావాలని అనరు.

తమాషా ఏమిటంటే వారసుడు, విరాసత్ ఒకే అరబ్బీ వేరు నుంచి మొలిచాయి. నిజాం దఫ్తరు నుంచి విరాసత్ మన పట్వారీ నోటికి వచ్చింది. పట్టాదారు పోతే ఫౌతి, ఆ పట్టా మారితే విరాసత్. ఏ సంప్రదాయం నుంచి ఆ మాట వచ్చిందో అక్కడ కూతురికి వాటా రాసిపెట్టి ఉంది. కొడుకుకు రెండు పాళ్లయితే కూతురికి ఒక పాలు. తక్కువే, సమానం కాదు, కానీ ఉంది. మన పట్వారీ మాటను తెచ్చుకుని అందులోని కూతురిని దఫ్తరు గుమ్మం బయటే వదిలేశాడు. అంతకుముందు మనకున్న మాట దాయాది. దాయం అంటే వారసత్వపు సొత్తు, దాన్ని తీసుకునేవాడు దాయాది. ఆ మాటకు వాడుకలో స్త్రీ రూపమే లేదు. దాయాది అంటే అన్నదమ్ముల పిల్లలే, గెట్టు కాడ కొట్లాడే మగవాళ్లే.

కూతురికి ఇచ్చేవాటికి మాత్రం మాటలకు కరువు లేదు. అరణం, సారె, కట్నం, పసుపు కుంకుమ, ఒడిబియ్యం. ఒక్కటీ హక్కును చెప్పే మాట కాదు, అన్నీ పెట్టుపోతలే. ఇచ్చేవాడి చెయ్యి పైన, పుచ్చుకునేదాని కొంగు కింద. వీటిలో అన్నిటికన్నా గడుసుది పసుపు కుంకుమ. తండ్రి పెళ్లినాడు ఎకరమో అరెకరమో కూతురి పేర పసుపు కుంకుమ కింద ఇచ్చానంటాడు. పదిమందిలో నోటిమాటగా అంటాడు. కాగితం ఉండదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం స్థిరాస్తి దానానికి రిజిస్టరు పత్రం ఉండాలంది. ఊరు మాత్రం పసుపు రాసిన చేతికి కాగితమెందుకంది. తండ్రి బతికున్నన్నాళ్లు ఆ మడి వడ్లు కూతురింటికి వెళ్తాయి. తండ్రి పోయిన ఏడాది వడ్లు ఆగిపోతాయి. ఆమె కోర్టుకెక్కితే పసుపు కుంకుమ హక్కా, మర్యాదా అన్నదాని మీదే ఏళ్లు గడుస్తాయి. పసుపు కుంకుమ అన్న మాట ఎంత ఇంపైనదంటే ఆంధ్రప్రదేశ్‌లో ఒక ప్రభుత్వం డ్వాక్రా మహిళలకు పదివేలు పంచినప్పుడు ఆ పేరే పెట్టుకుంది. రాజ్యం కూడా అన్న వేషం వేసుకుని ఆడబిడ్డకు పెట్టుపోతలు చేసిందన్నమాట.

ఆస్తి ఏలిన ఆడవాళ్లు ఈ గడ్డకు కొత్త కాదనేవాళ్లున్నారు. నిజమే. మెతుకు సీమలో పాపన్నపేట సంస్థానాన్ని 18వ శతాబ్దంలో రాణి శంకరమ్మ ఏలింది. శంకరంపేట ఆమె పేరేనంటారు. నిజామాబాద్ వైపు సిర్నాపల్లి గడీలో జానకీబాయి దశాబ్దాల పాటు పెత్తనం చేసింది, జానకంపేట ఆమె పేరు మీద వెలిసిందేనని చెప్పుకుంటారు. ఊళ్లకు పేర్లే వచ్చాయి, దొరసాని అన్న మాట కూడా పుట్టింది. అయితే ఆ గద్దె దొరసానికి మగని వైపు నుంచి, మగడు పోయాక వచ్చింది. పుట్టింట్లో అన్నదమ్ములతో సమానంగా పంచుకున్నది కాదు. ఇక కొడుకుల్లేని ఇంట్లో కూతురుంటే? దానికీ ఒక మాట సిద్ధంగా ఉంది, ఇల్లరికం. అల్లుడు వస్తాడు, పొలం అల్లుడి చేతికిందికి పోతుంది. ఆస్తి కూతురి ఒళ్లోంచి నడిచి వెళ్లడానికి ఎన్ని దారులో వేశారు గానీ ఆగడానికి ఒక్క చోటు పెట్టలేదు.

శాస్త్రమే ఇట్లా చెప్పిందని ఎవరైనా అంటే వాళ్లను జుక్కల్ దాటించి బీదరు జిల్లాకు తీసుకుపోవాలి. అక్కడి బసవకల్యాణమే ఒకనాటి చాళుక్యుల కల్యాణి. ఆరవ విక్రమాదిత్యుడి కాలంలో, సుమారు తొమ్మిది వందల ఏళ్ల కింద, విజ్ఞానేశ్వరుడు మితాక్షర రాసింది ఆ కొలువులోనే. దేశంలో ఎక్కువ భాగం హిందువుల ఆస్తి తగాదాలు ఇప్పటికీ దాని పేరు మీదే నడుస్తాయి. కొడుక్కి పుట్టుకతోనే హక్కు అన్నది మితాక్షర మాటేనని అందరికీ నోటికొచ్చు. అదే విజ్ఞానేశ్వరుడు స్త్రీధనం అంటే పెళ్లి కానుకలే కాదని, వారసత్వంగా వచ్చింది, కొన్నది, పంపకంలో వచ్చింది కూడా స్త్రీధనమేనని రాసిన సంగతి ఎవరికీ యాదికి రాదు. తెల్లవాళ్ల ఏలుబడిలో లండన్ ప్రివీ కౌన్సిల్ ఆ అర్థాన్ని కత్తిరించింది. ఆడది వారసత్వంగా పొందిన ఆస్తిని బతికున్నన్నాళ్లు అనుభవించడమే, అమ్ముకోవడానికి లేదు, ఆమె తర్వాత అది మళ్లీ అసలు యజమాని వారసులకే అని తీర్పులు చెప్పింది. మనవాళ్లు ఆ కత్తిరింపునే సనాతన ధర్మమనుకున్నారు.

ఆ కత్తిరింపును సరిచేసింది 1956 హిందూ వారసత్వ చట్టంలోని 14వ సెక్షన్. అది కూడా ఊరికే అమలు కాలేదు. వడ్డెబోయిన తులసమ్మ అనే తెలుగు వితంతువు మరిది మీద మనోవర్తికి దావా వేసింది. రాజీలో బతికున్నంత కాలం అనుభవించమని కొంత ఆస్తి ఇచ్చారు. దాన్ని ఆమె అమ్మితే నీకు అమ్మే హక్కెక్కడిదని మరిది కోర్టుకెక్కాడు. 1977లో సుప్రీంకోర్టు ఆ ఆస్తి పూర్తిగా ఆమెదేనని తేల్చింది. దేశంలో ఏ లా కాలేజీలో చదివిన పిల్లలకైనా తులసమ్మ పేరు తెలుసు. మన ఊళ్లలో ఎందరికి తెలుసు?

భూభారతిని ఏప్రిల్ 14న మొదలుపెట్టడం యాదృచ్ఛికం కాదు, అంబేడ్కర్ జయంతి అని చూసే పెట్టారు. అట్లాంటప్పుడు ఆయన 1951 సెప్టెంబరులో మంత్రి పదవిని ఎందుకు వదులుకున్నారో కూడా గుర్తుండాలి. ఆ రాజీనామాకు పెద్ద కారణం హిందూ కోడ్ బిల్లును ఆపేయడం. ఆ బిల్లు ముసాయిదా రాసిన బి.ఎన్. రావ్ కమిటీ కూతురికి కొడుకు వాటాలో సగమంటే అంబేడ్కర్ ఆధ్వర్యంలో అది సమాన వాటా అయింది. బిల్లు మీద అంత రగడ జరగడానికి ఆ వాటా కూడా ఒక కారణం. ఆయన జయంతి నాడు భూమి చట్టం తెచ్చి, ఆయన పదవి వదులుకున్న ప్రశ్నను పక్కన పెట్టడం ఏ రకం నివాళి?

చట్టాల విషయంలో తెలుగువాళ్లం ముందే ఉన్నామని చెప్పుకోవచ్చు. ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. దేశంలో ఆ పని చేసిన మొదటి రాష్ట్రం అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశే. కేంద్రం అదే పని చేయడానికి 2005 దాకా పట్టింది. కాకపోతే మన చట్టంలో ఒక మెలిక. ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతురికి హక్కు లేదు. ఒకే కడుపున పుట్టిన అక్కాచెల్లెళ్లలో అక్కకు సున్నా, చెల్లెకు సమాన వాటా. 2005 సెప్టెంబరు 9 నుంచి అమలైన కేంద్ర సవరణ ఆ మెలిక విప్పింది. తండ్రి ఆ రోజుకు బతికుండాలా, అక్కర్లేదా అన్న పేచీని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తీర్చింది. బతికి ఉండనక్కర్లేదు, హక్కు పుట్టుకతో వచ్చిందే. ఎప్పుడో నోటిమాటగా పంచుకున్నామని అన్నదమ్ములు చెబితే అంత తేలిగ్గా నమ్మవద్దని, సర్కారు పత్రాల ఆధారం ఉండాలని కూడా ఆ తీర్పే అంది. పాత తేదీ వేసిన తెల్లకాగితాల మీద పాలుపంపులు రాసుకునే మన ఊళ్లకు ఆ వాక్యం సూటిగా తగలాలి.

మరి ఇన్ని చట్టాలు, ఇన్ని తీర్పుల తర్వాత ఏం జరుగుతున్నది? ఏ తహసీల్దార్ ఆఫీసు ముందైనా విరాసత్ స్లాటు నాడు పొద్దున నిలబడి చూడండి. ఆటో వచ్చి ఆగుతుంది. ముందు అన్న, వెనక వదిన, ఆ వెనక గాంధారి నుంచో నిజాంసాగర్ నుంచో రాత్రే పిలిపించిన ఇద్దరు అక్కాచెల్లెళ్లు. చేతుల్లో ఆధార్ కార్డులు, కొత్త చీరల కవర్లు. స్టాంపు కాగితం మీద మ్యాటరు అప్పటికే టైపయి ఉంటుంది. నా వాటా నాకు ముట్టింది, నాకెలాంటి అభ్యంతరం లేదు అన్న వరస. ముట్టిందేమిటో అందులో ఉండదు. చదివి వినిపించేవాళ్లుండరు. కంప్యూటర్ ముందున్న పిల్లవాడు "పేరేందమ్మా, బొటనవేలు వెట్టు, ఇటు సూడు" అంటాడు. నాట్లు వేసి వేసి అరిగిన వేలు మెషీనుకు అందదు. తుడిచి పెట్టమంటాడు, ఇంకో వేలు పెట్టమంటాడు. నాలుగోసారికి పచ్చలైటు వెలుగుతుంది. బయటికొచ్చాక హోటల్లో అందరికీ భోజనం. మధ్యాహ్నం బస్సుకు ఎక్కిస్తూ అన్న అంటాడు: "బతుకమ్మకు జరూర్ రా అక్కా."

ఆ సంతకం వెనక రాత్రి నడిచిన మాటలు కూడా అందరికీ తెలిసినవే. "నీకేమన్న తక్కువ జేసినమా? నీ పెండ్లికి బాయి కాడి మడి అమ్మలే?" అని మొదలవుతుంది. "అమ్మను సూసేది ఎవరు, మేమే గదా" అని సాగుతుంది. చివరికి వదిన నోటి నుంచో, ఆమె మౌనం నుంచో అసలు సంగతి బయటపడుతుంది. సంతకం పెట్టకపోతే తల్లిగారిల్లు బంద్. ఒడిబియ్యం పోసేవాళ్లుండరు, పండుగకు పిలిచేవాళ్లుండరు, రేపు మగడు తన్ని వెళ్లగొడితే తలుపు తీసేవాళ్లుండరు. ఆమె లెక్క వేసుకునే సంతకం పెడుతుంది. ఆ లెక్కను ప్రేమ అని పిలిచే హక్కు మనకు లేదు.

కట్నం ఇచ్చాం గదా అన్న వాదం గట్టిగా వినిపించేది కాబట్టి దాన్ని గట్టిగానే చూద్దాం. కట్నం ఎవరి చేతికి పోయింది? 1961 వరకట్న నిషేధ చట్టం అసలు ఇవ్వడమూ పుచ్చుకోవడమూ నేరమంది. ఎవరైనా పుచ్చుకుంటే మూడు నెలల్లో అది పెళ్లికూతురికి బదలాయించాలని కూడా చెప్పింది. బదలాయించిన ఇల్లు ఒక్కటి చూపగలరా? ఆ డబ్బు మామ అప్పుకో, ఆడబిడ్డ పెళ్లికో, అల్లుడి బండికో పోయింది. వియ్యంకుడికి ఇచ్చిన సొమ్మును కూతురి వాటాలో కోత పెట్టడం ఏ పద్దు ప్రకారం? పైగా కట్నం నాటి రూపాయి నాటిదే, పొలం ధర నేటిది. ముసలి తల్లిదండ్రులను కొడుకే చూస్తాడన్న మాటలో నిజం ఉన్న ఇళ్లున్నాయి. అక్కడ ఆ బాధ్యతకు లెక్క కట్టుకుని పంచుకోవచ్చు. కూతురు వాటా అడగడం వెనక అల్లుడు ఎగదోస్తున్నాడన్న మాట కూడా ఉత్త అబద్ధమేం కాదు. అయితే దానికి మందు వాటా ఎగ్గొట్టడం కాదు. పాసుపుస్తకం ఆమె పేరు మీద రావాలి. ఆమె లేకుండా ఆ భూమి అమ్ముడుపోకూడదు.

పేరు లేకపోతే పోయేదేమిటో కూడా చెప్పుకోవాలి. రైతు భరోసా ఎకరానికి ఏటా 12 వేలు, పాసుపుస్తకంలో పేరున్నవాళ్ల ఖాతాలో. రైతు బీమా 5 లక్షలు, పట్టాదారు పోతేనే. బ్యాంకు పంట రుణం ఆ పుస్తకం మీదే. నాట్లు, కలుపు, కోత అన్నీ చేసిన ఆడమనిషి పొలంలో పాము కరిచి చచ్చినా బీమా లెక్కలో ఆమె రైతు కాదు. దేశంలో 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సాగు కమతాల్లో ఆడవాళ్ల చేతుల్లో ఉన్నవి 13.96 శాతం. అది సాగు లెక్క. సొంతంగా రాసి ఉన్న భూమి సంగతి వేరే చెప్పాలా? పేరెక్కిన చోట కూడా రికార్డు తన వంకర చూపిస్తుంది. 'తండ్రి/భర్త' అన్న గడిలో పెళ్లయిన కూతురికి మామూలుగా భర్త పేరే పడుతుంది. తండ్రి భూమి తండ్రి నుంచి వచ్చిందన్న గుర్తు కూడా మిగలదు.

ఇక సర్కారు మీద మా అభియోగం. 2020 నాటి ధరణి చట్టం విరాసత్‌ను వారసుల ఉమ్మడి అంగీకారం మీద పెట్టింది. చదవడానికి బాగుంది. వారసులెవరో చెప్పేది అర్జీదారే, విచారణ లేదు, నోటీసు లేదు. ఇద్దరు అక్కలున్న కొడుకు తానొక్కడినే అని రాసిస్తే పట్టుకునే కన్ను లేదు, అప్పటికే వీఆర్వో వ్యవస్థను కూడా తీసేశారు. భూభారతి ఆ తప్పు కొంత దిద్దింది. విచారణ, నోటీసు తిరిగొచ్చాయి, ఆర్డీవోకు, కలెక్టరుకు అప్పీలు వచ్చింది. కానీ 30 రోజుల్లో తహసీల్దార్ తేల్చకపోతే మార్పిడి దానంతటదే అయిపోతుందన్నారు. రైతును తిప్పించుకోకుండా పెట్టిన గడువు అది, ఉద్దేశం మంచిదే. అదే గడువు పేరు దాచిన అన్నకు కవచం కూడా అవుతుంది. అర్జీలో పేరే లేని ఆడబిడ్డకు నోటీసు ఎవరిస్తారు? ఊరి పంచాయతీ గోడకు కాగితం అంటిస్తే బాన్సువాడలో కాపురముంటున్న కూతురు ఎట్లా చదువుతుంది?

చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు. విరాసత్ అర్జీలో కూతుళ్ల పేర్లు, వాళ్లు ఇప్పుడుంటున్న ఊళ్లు రాయడం తప్పనిసరి చేయాలి. లేరంటే లేరని ప్రమాణం చేయించాలి, అబద్ధమని తేలితే మార్పిడి రద్దు కావాలి. నోటీసు అత్తగారి ఊరికి పోవాలి. కూతురు హక్కు వదులుకునే చోట, అన్నదమ్ములను బయట కూర్చోబెట్టి ఒక మహిళా ఉద్యోగి ఆమెతో విడిగా మాట్లాడాలి. ఎన్ని గుంటలు వదులుకుంటున్నదో, దాని విలువ ఎంతో చదివి వినిపించి, ఆ అంకె కాగితం మీద రాయించాలి. కూతుళ్లున్న ఫౌతి కేసుల్లో వాళ్ల వాంగ్మూలం లేకుండా 30 రోజుల ఆటోమేటిక్ మార్పిడి వర్తించకూడదు. 2025 సెప్టెంబరులో ఊళ్లకు గ్రామ పాలనాధికారులు వచ్చారు. ఎవరింట్లో ఎందరు ఆడపిల్లలు పుట్టారో, ఏ ఊరికిచ్చారో ఊళ్లో ఉండే ఉద్యోగికి తెలియకపోతే ఆ ఉద్యోగం ఎందుకు?

ఈ పనులన్నిటికన్నా ముందు, ఎవరి జీవో కోసమూ చూడకుండా, ఒకటి రేపే చేయవచ్చు. లింగంపేట మండలంలో భూభారతి వచ్చిన నాటి నుంచి పూర్తయిన విరాసత్ ఫైళ్లన్నీ కామారెడ్డి కలెక్టరు బయటికి తీయించాలి. ఎన్ని ఇళ్లలో ఆడబిడ్డలున్నారు, ఎందరి పేర పాసుపుస్తకం వచ్చింది, ఎందరు వదులుకున్నట్టు సంతకం పెట్టారు, ఎందరి పేర్లు అసలు రాయనే లేదు అన్న నాలుగు అంకెలూ ఊళ్లవారీగా పంచాయతీ ఆఫీసుల ముందు బోర్డుల మీద రాయించాలి. కొత్త చట్టాన్ని ముందుగా పరీక్షించిన నాలుగు మండలాల్లో ఇదొకటి కాబట్టి ఆ లెక్క కూడా ముందు ఇక్కడి నుంచే రావాలి.